అమ్మడికి పెద్దమ్మ రాస్తున్నది, చిన్నోడి గురించి

అమ్మడూ, మీ చిన్నోడికి ఆటిజం అన్నారని నిన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలా, పెట్టేశాక మీ పెదనాన్న కూడా అన్నం సరిగ్గా తినలేదు. అందుకే పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని టైప్ చేస్తన్నా. పెద్దగా ఉంటది, చిన్నోడు పడుకున్నాక తీరిగ్గా చదువుకో, అల్లుడుగారికి కూడా చూపించు. తప్పులుంటే సర్దుకో, నాకు ఈ కీబోర్డుతో ఇంతే వస్తది.

రెండున్నరేళ్ళకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు చూడు, అది నేను చెయ్యలేకపోయానే. మావాడికి, అదే మీ అన్నకి, నాలుగేళ్ళు దాటేదాకా ఊరుకున్నా. తాతయ్యకి అయిదేళ్ళకి మాటలొచ్చాయంట, మగపిల్లలకి ఆలస్యమేలే అని ఇంట్లో అందరూ అంటుంటే నాకూ అదే వినాలనిపించింది. నాలుక మీద వస అరగదీసి రాశాం, కోటప్పకొండకి మొక్కుకున్నాం, మొలతాడుకి తాయెత్తు కట్టించాం. వస రాసినప్పుడల్లా వాడు మొహం చిట్లించి నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్ళి నా వేళ్ళు గ్లాసు మీద పెట్టేవాడు, నా మొహం మాత్రం చూసేవాడు కాదు. నేనేమో అబ్బో ఎంత తెలివో అని మురిసిపోయా. వేలు పెట్టి చూపించకుండా ఇలా మన చేతినే గరిటలాగా వాడుకోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోవడం, ఇయ్యన్నీ ఆటిజం గుర్తులేనని 2002లో సికింద్రాబాదులో తెలిసింది. మనోవికాస్‌నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, అప్పుడు ఎన్ఐఎంహెచ్ అనేవాళ్ళు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. గుంటూరు నుంచి రైలెక్కి వెళ్ళాం, నువ్వుండేది కూకట్‌పల్లి, నీకా బాధ లేదు.

ఇప్పుడు మీ అత్తగారి మాటలు. గ్రహణం రోజు బయటికెళ్ళావని, కడుపుతో ఉండగా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నావని, ఉద్యోగం మానలేదని, ఆవిడ అన్నదాంట్లో ఒక్కటీ నిజం కాదే. ఆవిడనని ఏం లాభం, అమెరికాలో డాక్టర్లే తల్లి ముద్దు చెయ్యకపోతే పిల్లలిలా అవుతారని 1950ల్లో, 60ల్లో రాశారు, ఫ్రిజ్‌లాంటి తల్లులు అని పేరు కూడా పెట్టారు, ఎంతమంది తల్లులు కుమిలిపోయారో. 1977లో లండన్‌లో ఇద్దరు డాక్టర్లు, ఒకరికైనా ఆటిజం ఉన్న 21 జతల కవలల్ని చూశారు. అచ్చం ఒకేలా ఉండే కవలలు 11 జతలైతే అందులో నాలుగు జతల్లో ఇద్దరికీ ఆటిజమే, ఒకేలా ఉండని కవలలు 10 జతల్లో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. అంటే పెంపకం కాదు, పుట్టుక నుంచే వస్తన్నదని. తర్వాత ఇంకా పెద్ద పెద్ద లెక్కలు చేశారు, ఎక్కువ భాగం జీన్సే, అది కూడా ఏదో ఒక్క జీన్ కాదు, వందల్లో. తండ్రి వయసు ఎక్కువవడం, నెలలు నిండకుండా పుట్టడం, కడుపుతో ఉండగా ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడటం, ఇలాంటివి రిస్కు పెంచుతాయంతే, నీకు అవేవీ లేవు కదా. ఫలానా దానివల్లే వచ్చిందని చెప్పగలిగే పిల్లలు తక్కువే, దాని కోసం తవ్వుతూ కూర్చోమాకు. రెండో బిడ్డ సంగతి అడిగావు, ఒకరికుంటే తర్వాతి వాళ్ళకి వచ్చేది సుమారు అయిదుగురిలో ఒకరికని చెప్తారు, అది తెలుసుకుని మీరిద్దరూ నిదానంగా అనుకోండి.

తట్టు, గవదబిళ్ళలకి వేసే ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం వస్తదని మీ ఆడబిడ్డ పంపిన వీడియో నాకూ ఫార్వర్డ్ చేశావు. ఆ గోల మొదలైంది 1998లో లండన్ డాక్టరు ఒకాయన 12 మంది పిల్లల మీద రాసిన పేపర్‌తో. దాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, అదే ఏడు ఆయన్ని డాక్టర్ల రిజిస్టర్లోంచి తీసేశారు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి టీకాకి దీనికి సంబంధం లేదని 2019లో చెప్పారు. ఏడాదిన్నర వయసులో టీకా పడుద్ది, ఈ గుర్తులు మనకి కనపడేదీ ఆ వయసులోనే, అదీ సంగతి. మిగిలిన టీకాలు ఆపమాకు.

రక్తపరీక్షలో, స్కానింగులో ఆటిజం తేలదు, వాడు ఆడేది చూసి, నిన్ను అడిగి తేలుస్తారు. కానీ చెవుల పరీక్ష, బెరా అంటారు, అది చేయించకపోతే వెంటనే చేయించు, వినపడకపోయినా పిల్లలు పిలిస్తే పలకరు మరి.

అసలు విషయానికొస్తా. అందరూ నిన్ను మాటలెప్పుడొస్తాయని అడుగుతారు, నువ్వూ థెరపిస్టుని అదే అడుగుతావు, నేనూ మూడేళ్ళు అదే అడిగా. నోట్లోంచి మాట రావడం తర్వాత సంగతి, ముందు వాడికి తనకేం కావాలో ఎదుటి మనిషికి తెలియజెయ్యాలని తోచాలి. మన ఇళ్ళల్లో ప్రేమంటే ఏంటి చెప్పు, అడక్కముందే పెట్టడం. ఆకలేసే లోపే నోట్లో ముద్ద, ఏడవకముందే చేతిలో ఫోను. ఇంక వాడికి అడగాల్సిన పనెక్కడుంది? అందుకని జెమ్స్ ప్యాకెట్ విప్పకుండా చేతికివ్వు. బిస్కెట్లు మూత గట్టిగా ఉండే పారదర్శకం డబ్బాలో పెట్టు, కనపడాలి కానీ వాడికి రాకూడదు. సబ్బు బుడగలు ఒక్కసారి ఊది ఆగు. మనసులో పది లెక్కపెట్టు, నోరు మెదపమాకు, ఇదే కష్టం మనకి. వాడు నీ వైపు చూసినా, చెయ్యి చాపినా, ఊ అన్నా అది అడగడమే, వెంటనే ఇచ్చేసి, తను అడగాల్సిన మాట నువ్వే ఒక్కసారి అను, "బుడగ" అని. "చెప్పు నాన్నా చెప్పు, బుడగ అను, అంటేనే ఇస్తా" అని మాత్రం వేధించొద్దు. గడ్డం పట్టుకుని నా కళ్ళల్లోకి చూడు అని తిప్పడం కూడా వద్దు.

బొమ్మల కార్డులు మొదలుపెట్టు. డెలావేర్‌లో 1985లో మొదలుపెట్టిన పద్ధతి, పెక్స్ అంటారు, పిల్లాడు నీళ్ళ బొమ్మ తెచ్చి మన చేతిలో పెడితే మనం నీళ్ళివ్వాలి. బొమ్మకి అలవాటు పడితే ఇంక మాట్లాడడేమోనని నేను ఏడాది భయపడి ఊరికే పోగొట్టుకున్నా, బొమ్మల వల్ల మాట ఆగదే, కొంతమందికి అసలు అక్కడినుంచే వస్తది. మీ ఇంట్లో గ్లాసు, మీ ఇంట్లో బాత్రూమ్ తలుపు ఫోటోలు తీసి లామినేషన్ చేయించు చాలు. మీ అన్నకి ఇప్పుడు 27, నోటి మాటలు ఓ ముప్పై ఉంటాయేమో, మిగతాదంతా ఫోన్లో బొమ్మలు నొక్కి చెప్తాడు. మొన్న మీ పెదనాన్నకి పంటి నొప్పి బొమ్మ చూపించి తన దవడ పట్టుకున్నాడు. నొప్పి ఎక్కడో చెప్పలేక గోడకి తల కొట్టుకున్న రోజులు నేను చూశానే, అందుకే ఇంత గట్టిగా చెప్తన్నా.

ఇంట్లో తెలుగే మాట్లాడు. ఒకే భాష ఉండాలి, ఇంగ్లీషే మాట్లాడండి అని కొన్ని సెంటర్లలో చెప్తారు, రెండు భాషలు వింటే పిల్లలకి చెడేదేం లేదు, అయినా మీ అత్తగారు వాడితో ఇంగ్లీషు ఎక్కడ మాట్లాడుద్ది, ఆవిడ నోరు మూయించడానికా? ఫోను వల్ల ఆటిజం రాదు, కాకపోతే అది చూసినంతసేపు వాడు నీతో ఆడడు, అందుకని తగ్గించు.

స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ రెండూ కావాలి, కానీ వారానికి మూడు గంటలు వాళ్ళ దగ్గర, మిగతా అంతా నీ దగ్గరే కదా. తలుపేసుకుని లోపల ఏం చేస్తున్నారో చూపించని సెంటరుకి వెళ్ళొద్దు. మందుల విషయం, ఆటిజం తగ్గించే మందు లేదు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ అని రాసేవి బాగా విరుచుకుపడే, తమని తాము కొట్టుకునే పిల్లలకి, బరువు పెరుగుతారు, చిన్నోడికి ఇప్పుడు ఆ అవసరం ఉన్నట్టు నాకనిపించలా, డాక్టరుని అడుగు.

స్టెమ్ సెల్స్ ఎక్కించే వైద్యం అని అల్లుడుగారు ఎవరినో కనుక్కుంటున్నారంట, ఆపమను. ఆటిజంకి దాన్ని సిఫారసు చెయ్యడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఒంట్లోంచి లోహాలు తీస్తామని చెప్పే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో అయిదేళ్ళ బాబు చనిపోయాడు. మేమూ పడ్డాం, ఆరు నెలల్లో మాట గ్యారంటీ అన్నాడు ఒకాయన, ఏ ఊరో ఎవరో ఎందుకులే, పెదనాన్న అరెకరం అమ్మాడు. మీ అన్న ఇంజెక్షన్ అంటే గజగజలాడటం తప్ప మాకు మిగిలిందేం లేదు. గోధుమలు, పాలు మానిపించమని కూడా ఎవరో ఒకరు అంటారు, తినేదే నాలుగు రకాలు, అందులో పెరుగన్నం తీసేస్తే ఇంకేం పెడతావ్?

కాగితాల పని ఈ నెల్లోనే మొదలుపెట్టు. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అని చిన్నపిల్లల్లో ఇలాంటివి తొందరగా కనిపెట్టి థెరపీ ఇచ్చే కేంద్రం ఉంటది, ఫ్రీ. వైకల్యం సర్టిఫికెట్‌కి, మనవాళ్ళు సదరం అంటారు, స్లాట్ బుక్ చేసుకో, సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఇసా అని 40 అంశాల స్కేలు పెడతారు, అది మన సికింద్రాబాదులో తయారైందే. కేంద్ర ప్రభుత్వానికి చెందిన నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ ఏడాదికి లక్ష దాకా, థెరపీకి కూడా వస్తది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇలాంటి పిల్లల ఖర్చుకి 75,000 మినహాయింపు ఉంది, ఓల్డ్ రెజీమ్‌లో అయితేనే, ఆడిటర్ని అడగమను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, స్కూలు వాళ్ళు మేం చేర్చుకోం అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమను, సగం మంది అక్కడే తగ్గుతారు. సర్టిఫికెట్ తెస్తే ముద్ర పడుద్దని మీ అత్తగారంటది, పడనీ.

సంక్రాంతికి రండి. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుంటాడన్నావుగా, అన్నం గిన్నెలో వారుస్తాలే, మిక్సీ పని మీరు దిగకముందే అయిపోద్ది. చుట్టాల్ని పిలవను. వాడి నీలం ప్లేటు మాత్రం మర్చిపోకుండా తెచ్చుకో, మా ఇంట్లో అన్నీ స్టీలే. మీ అన్నకి చిన్నోడి ఫోటో చూపించా, ఫోన్లో బస్సు బొమ్మ నొక్కి నా వంక చూశాడు.

పెద్దమ్మ