యువ రచయితకు లేఖ: మూత సంగతి ముందు రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం, దానితో పెట్టిన ఫోటోలు అందాయి. పాలిమర్ క్లేతో, అంటే ఓవెన్‌లో పెడితే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో, మెడలో వేసుకునే చిన్న భరిణెలు ఎలా చేయాలో తెలుగులో వివరంగా రాయాలని నువ్వు పూనుకోవడం నాకు చాలా సంతోషం. పూసల గురించి, చెవి దిద్దుల గురించి రాసేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. తెరిచి మూసే వస్తువు దగ్గరికి వచ్చేసరికి అందరూ నాలుగు మాటలతో సరిపెడతారు. అందుకే నీ వ్యాసాన్ని ఆశగా తెరిచాను.

రంగులు కలిపిన తీరు, పైన అద్దిన ఆకుల డిజైను, మెరుగు పెట్టడం అన్నీ కళ్లకు కట్టినట్టు రాశావు. కానీ చదవడం పూర్తయ్యాక ఆ భరిణె మూత ఎలా నిలుస్తుందో నాకు తెలియలేదు. మొత్తం వ్యాసంలో మూతకి దక్కింది ఒకే ఒక్క వాక్యం: "తర్వాత సరిపడా మూత చేసుకుని అమర్చుకోవాలి." ఈ ఉత్తరం చాలావరకు ఆ వాక్యం గురించే.

లాకెట్టుకి బయటి వైపు బాగుంటే చాలు. భరిణెకి లోపలి వైపు కూడా ఉంటుంది, ఆ రెండూ కలిసే అంచు ఉంటుంది. పైగా ఇది ఒంటి మీద ఉండే వస్తువు. నడుస్తుంటే ఊగుతుంది, బల్ల అంచుకి తగులుతుంది, మనిషి వంగితే పక్కకి ఒరుగుతుంది. మూత వదులైతే ఎక్కడ పడిపోయిందో కూడా తెలియదు. బిగుతైతే గోరు పెట్టి పీకి అంచు విరగ్గొడతారు. చేసేవాళ్ల టెన్షనంతా అక్కడే ఉంటుంది. రంగుల సంగతి వాళ్లు ఎక్కడైనా చదువుకుంటారు, నీ దగ్గరికి వచ్చేది ఈ అంచు కోసం. కాబట్టి వ్యాసాన్ని అక్కడే మొదలుపెట్టు. అలంకరణ తర్వాత రావచ్చు.

ఆ ఒక్క వాక్యాన్ని విప్పితే ఎంత ఉందో చూడు. నేను రాస్తే దాదాపు ఇలా రాస్తాను.

భరిణె ఒళ్లు ముందు బేక్ చేసి చల్లార్చుకోవాలి. గోడ మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. పచ్చి క్లేని సన్నటి పట్టీగా కోసి, మూతి లోపలి వైపు చుట్టూ అంటించాలి. పట్టీలో సగం లోపల ఉండాలి, సగం పైకి రావాలి. పైకి కనిపించేది 4, 5 మిల్లీమీటర్లు ఉండాలి. బేక్ అయిన క్లే పచ్చి క్లేని గట్టిగా పట్టుకోదు, అందుకే మధ్యలో లిక్విడ్ క్లే (ద్రవంగా దొరికే పాలిమర్ క్లే) పలచగా రాసి అంటించి మళ్లీ బేక్ చేయాలి. ఇప్పుడు భరిణెకి మెడ వచ్చింది. మూత అంటుకోకుండా ఆ మెడ మీద, చుట్టూ ఉన్న అంచు మీద కార్న్‌ఫ్లోర్ వేలితో అద్ది, ఎక్కువైనది ఊదేయాలి. లోపల టిష్యూ పేపర్ నలిపి మెడ అంచు దాకా నింపాలి. మెడ చుట్టూ పచ్చి క్లే పట్టీ చుట్టి, పైన బిళ్ల పెట్టి, అతుకు కనపడకుండా వేలితో నున్నగా చేయాలి. దాన్ని తీయకుండా, భరిణె మీద ఉండగానే ఓవెన్‌లో పెట్టాలి. అప్పుడు మూత ఆ మెడ కొలతకే గట్టిపడుతుంది. చేతికి గోరువెచ్చగా తగిలేంత చల్లారాక మెల్లగా మెలితిప్పితే టక్కుమని ఊడి వస్తుంది. బిగుతుగా ఉంటే మెడని 400 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే సాండ్ పేపర్‌తో) తడిగా రుద్దాలి. వదులుగా ఉంటే మెడకి లిక్విడ్ క్లే ఒక పూత వేసి మళ్లీ బేక్ చేయాలి.

ఇందులో టిష్యూ పేపర్ ఎందుకో నేను చెప్పలేదు, గమనించావా? చదివేవాళ్లు సరిగ్గా అలాంటి చోటే దాన్ని వదిలేస్తారు. పాలిమర్ క్లే ఓవెన్‌లో గట్టిపడే ముందు ఇంకా మెత్తబడుతుంది, కింద ఆధారం లేని బిళ్ల మధ్యలో కుంగిపోతుంది. ఈ ఒక్క ముక్క కలిపితే పేపర్ పెట్టడం ఎవరూ మర్చిపోరు. అలాగే భరిణె అడుగున సూదితో చిన్న రంధ్రం పెట్టమని నువ్వు రాశావు, కారణం రాయలేదు. లోపల చిక్కిన గాలి వేడికి వ్యాకోచించి పచ్చి మూతని ఉబ్బిస్తుంది, అది బయటికి పోవడానికి దారి కావాలి. ఇది చెబితే, నువ్వు ఊహించని ఆకారంలో భరిణె చేసేవాళ్లు కూడా రంధ్రం ఎక్కడ పెట్టాలో వాళ్లే తేల్చుకుంటారు. పని ఎలా చేయాలో చెబితే నీ భరిణె ఒక్కటే వస్తుంది. ఎందుకో కూడా చెబితే వాళ్ల భరిణె వాళ్లు చేసుకుంటారు.

ఇక "కొద్దిసేపు", "తగినంత", "బాగా" లాంటి మాటలు. నీ వ్యాసంలో ఇవి చాలా ఉన్నాయి. "క్లేని బాగా పిసకాలి" అన్నావు. ఎంతసేపు? పాత ప్యాకెట్ అయితే ఎక్కువసేపు పడుతుంది, చలిగా ఉంటే ఇంకా ఎక్కువ. నిమిషాలు రాస్తే అబద్ధమవుతుంది. దానికి బదులు గుర్తు చెప్పు: షీట్‌ని మధ్యకి మడిచినప్పుడు మడత దగ్గర పగుళ్లు రాకపోతే క్లే సిద్ధంగా ఉన్నట్టు. క్లేని పలచటి షీట్‌గా ఒత్తే పాస్తా మిషన్‌లో పెట్టేటప్పుడు మడత ఉన్న వైపు ముందుగా గానీ పక్కగా గానీ పోనివ్వాలి, తెరిచి ఉన్న వైపు ముందు పోతే గాలి లోపల చిక్కుకుంటుంది. అదే గాలి రేపు ఓవెన్‌లో పొక్కై లేస్తుంది. చేతికి, కంటికి తెలిసే గుర్తులు నీ దగ్గర చాలా ఉండి ఉంటాయి. రోజూ చేస్తుంటావు కాబట్టి అవి నీకు మామూలైపోయాయి. ఈసారి పని చేసేటప్పుడు పక్కన కాగితం పెట్టుకుని, చెయ్యి ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగిందో రాసుకో.

గుర్తులు పనికిరాని చోటు ఒకటుంది, అది ఓవెన్. అక్కడ మాత్రం అంకెలే కావాలి, అవీ కచ్చితంగా ఉండాలి. "మీడియం మంట మీద" అని నువ్వు రాసింది తీసెయ్యి. ఈ క్లే అంటే పీవీసీ రేణువులు, వాటిని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగులు. సరైన వేడి తగిలినప్పుడే ఆ రేణువులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఆ వేడి క్లే బ్రాండుని బట్టి మారుతుంది: ఫిమోకి 110 డిగ్రీల సెంటీగ్రేడ్, ప్రీమోకి దాదాపు 130, కాటోకి 150. సమయం సాధారణంగా 30 నిమిషాలు, ప్రీమోకైతే ఆ లెక్క ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి. ప్యాకెట్ మీద రాసి ఉన్నదే చూసుకోమని చెప్పు. ఓవెన్ డయల్‌ని నమ్మొద్దని, లోపల విడిగా ఓవెన్ థర్మామీటర్ పెట్టుకోమని కూడా గట్టిగా చెప్పు. చాలామంది మాడిపోతుందనే భయంతో తక్కువ బేక్ చేస్తారు. భరిణె చూడటానికి బాగానే ఉంటుంది, కానీ మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. పరీక్ష కూడా రాయి: అదే క్లేతో సన్నటి పట్టీ ఒకటి పక్కన పెట్టి బేక్ చేసి, చల్లారాక వంచి చూడాలి. మంచి రకం క్లే అయితే వంగుతుంది. విరిగితే ఇంకా బేక్ కావాలి. ఎన్నిసార్లు ఓవెన్‌లో పెట్టినా నష్టం లేదు, వేడి హద్దు దాటకపోతే చాలు.

హద్దు దాటితే మాడుతుంది, మాడితే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. నువ్వు ఇలాంటి జాగ్రత్తలన్నీ పోగేసి చివర ఒక పేరాలో పెట్టావు. అక్కడికి వచ్చేసరికి చదివేవాళ్ల పని అయిపోయి ఉంటుంది. ఓవెన్ మాట వచ్చిన చోటే కిటికీలు తెరవమని, మైక్రోవేవ్‌లో పెట్టొద్దని చెప్పు. పాస్తా మిషన్, బ్లేడు ప్రస్తావన వచ్చినప్పుడే వాటిని మళ్లీ వంటకి వాడకూడదని చెప్పు. సాండ్ పేపర్ దగ్గరికి వచ్చినప్పుడు, నీళ్లలో తడిపి రుద్దితే దుమ్ము ముక్కులోకి పోదని చెప్పు. భరిణెలో ఏం పెట్టుకోవచ్చో చెప్పేటప్పుడే, తినే వస్తువులు, మందులు నేరుగా వేయొద్దని చెప్పు. పెట్టాలనిపిస్తే చిన్న గాజు సీసాలో పోసి, ఆ సీసాని లోపల పెట్టుకోమను.

తాడు సంగతికి వద్దాం. నీ ఫోటోలో భరిణె ఒంటికి రెండు కొక్కేలు ఉన్నాయి, మూత విడిగా ఉంది. అలా చేస్తే మూత ఏదో ఒకరోజు పోతుంది. జపాన్‌లో ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, దీనికి చక్కటి పరిష్కారం ఉండేది. కిమోనోకి జేబులు ఉండవు. అందుకని ఇన్రో అనే చిన్న అరల పెట్టెని నడుముపట్టీకి వేలాడదీసేవాళ్లు. అరలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, రెండు పక్కలా సన్నటి గొట్టాలు ఉంటాయి. ఒకే తాడు అన్ని అరల గుండా, మూత గుండా పోతుంది. తాడు మీద ఒజిమే అనే పూస ఉంటుంది, దాన్ని కిందికి జరిపితే అన్నీ బిగుసుకుంటాయి, పైకి జరిపితే మూత తాడు వెంటే పైకి లేస్తుంది. చేతిలోంచి జారినా కింద పడదు. తాడు పై కొనకి కట్టిన నెత్సుకే అనే చిన్న చెక్కడపు బొమ్మ నడుముపట్టీ మీద ఆగి పెట్టె జారకుండా చూసేది.

దీన్ని క్లేలో చేయడం కష్టం కాదు. మూత బేక్ అయ్యాక దాన్ని భరిణె మీద పెట్టి, మెడ దగ్గర మళ్లీ కార్న్‌ఫ్లోర్ అద్దాలి. లోహపు అల్లిక సూది చుట్టూ పచ్చి క్లే చుట్టి పొడవాటి గొట్టం చేసి, మూత నుంచి అడుగు దాకా ఒకే ముక్కగా, సూది లోపల ఉండగానే లిక్విడ్ క్లేతో అంటించాలి. రెండో పక్కా అంతే. లిక్విడ్ క్లే మూత కలిసే గీత మీదికి రాకుండా చూసుకోవాలి. తర్వాత సరిగ్గా ఆ గీత దగ్గర పలచటి బ్లేడుతో గొట్టాన్ని సూది దాకా చుట్టూ కోసి, సూదులతోనే బేక్ చేయాలి. మూత గొట్టం, ఒంటి గొట్టం ఒకే ముక్కలోంచి వచ్చాయి కాబట్టి రంధ్రాలు ఎదురెదురుగా కుదురుతాయి. విడివిడిగా చేసి అతికిస్తే ఎంత జాగ్రత్తపడినా కాస్త పక్కకి పోతాయి, తాడు లాగినప్పుడల్లా మూత ఒరుసుకుంటుంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇన్రోలు చాలా ఉన్నాయి. వాటి ఫోటోలు వెతికి చూడు, ముఖ్యంగా అరలు విడదీసి పెట్టినవి.

చరిత్ర ఎలా వాడుకోవాలో కూడా ఇందులోనే ఉంది. నువ్వు మొదటి పేజీ అంతా ఫిమో పుట్టుపూర్వోత్తరాలకి ఇచ్చావు. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపడ్డ కేథె క్రూజె, ఆ పదార్థం మీద పనిచేసిన ఆమె కూతురు సోఫీ, తర్వాత దాన్ని ఎబర్‌హార్డ్ ఫేబర్ కంపెనీ తీసుకోవడం, అన్నీ నిజాలే, ఆసక్తిగానూ ఉన్నాయి. కానీ ఆ పేజీ చదివినందువల్ల భరిణె చేసే చేతికి కొత్తగా ఏమీ తెలియదు. దాన్ని రెండు వాక్యాలకి కుదించు. ఇన్రో కథ మాత్రం ఉండాల్సిందే, ఎందుకంటే అది మూత పోకుండా చేస్తుంది.

రంగుల భాగంలో ఒక విషయం నాకు నచ్చలేదు, దాచకుండా చెబుతున్నాను. ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లగా మారే షీట్ గురించి రాశావు. రెండు రంగుల త్రికోణాలు కలిపి, ప్రతిసారీ ఒకే దిశలో మడిచి మిషన్‌లో నడపడం. అది స్కిన్నర్ బ్లెండ్. జుడిత్ స్కిన్నర్ పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. నువ్వు "ఒక చిట్కా" అన్నావు. చదివేవాళ్లు అది నీ చిట్కా అనుకుంటారు. చేతిపనులు ఒకరి నుంచి ఒకరికి అందుతాయి, అందించినవాళ్ల పేరు తెలిసినప్పుడు చెప్పడం మన బాధ్యత. ఆమె పేరు రాయి.

మెరుగు గురించి బాగా రాశావు, అక్కడ పెద్దగా మార్చేదేమీ లేదు. 400 నంబరు సాండ్ పేపర్ నుంచి 600, 800, 1000 వరకు వరసగా రుద్దమని చెప్పడం సరైనదే. గోళ్ల రంగు పూయొద్దని, అది కొన్నాళ్లకి జిగటగా మారుతుందని ఒక మాట కలుపు. నీళ్లలో కలిసే వార్నిష్ వాడమను. మెడకీ, మూత లోపలికీ వార్నిష్ వేయొద్దని చెప్పడం మాత్రం మర్చిపోకు. ఆ పూత మందానికే బిగుతు మారిపోతుంది, పైగా రెండు వార్నిష్ పూతలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

"అద్భుతమైన", "మనోహరమైన", "కనువిందు చేసే" అన్నవి ఎక్కడున్నా కొట్టెయ్యి. ఫోటో పక్కనే ఉంది కదా, బాగుందో లేదో చూసేవాళ్లకి తెలుస్తుంది. ఆ చోటుని క్లే ఎలా ప్రవర్తిస్తుందో చెప్పడానికి వాడుకో.

సరిదిద్దాక నాకు వెంటనే పంపకు. పాలిమర్ క్లే ఎప్పుడూ ముట్టని మనిషిని ఒకరిని చూసుకుని, కాగితం వాళ్ల చేతికిచ్చి, వ్యాసంలో ఉన్నట్టే చేయమను. నువ్వు పక్కన కూర్చో, కానీ నోరు విప్పకు. వాళ్లు తప్పు చేస్తున్నా ఆపకు. చెయ్యి ఆపి నీ వైపు చూసిన ప్రతిసారీ, అప్పుడు వాళ్లు ఏ వాక్యం దగ్గర ఉన్నారో గీత గీసుకో. ఆ గీతలు గీసిన కాగితమే నాకు పంపు, శుభ్రంగా తిరగరాసిన ప్రతి అక్కర్లేదు. ఏ వాక్యం ఎందుకు తడబడిందో చూసి, వచ్చే ఉత్తరంలో ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి