రోజుకు పది కిలోమీటర్లే తిరిగేవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ కొనాలా, పెట్రోల్ కొనాలా?

ఒకే మోడల్, రెండూ ఎనిమిదేళ్ల బండ్లు. డీజిల్ రీడింగ్ 45 వేల కిలోమీటర్లు, పెట్రోల్ రీడింగ్ 80 వేలు. మీరు ఆఫీసుకి రానూపోనూ కలిపి తిరిగేది పది కిలోమీటర్లు. ఏది తీసుకోవాలి అని కదా అడిగారు. పెట్రోల్‌దే తీసుకోండి. ఆ డీజిల్ బండి తక్కువ తిరిగిందని మీకు ముద్దొస్తోంది చూడండి, నాకు అనుమానం వచ్చేది సరిగ్గా అందుకే.

ఎనిమిదేళ్లలో 45 వేలంటే సగటున రోజుకు పదిహేను. వెళ్లేటప్పుడు ఏడు, వచ్చేటప్పుడు ఎనిమిది. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజినంత తొందరగా వేడెక్కదు. ఆ కాస్త దూరంలో నీళ్లు వేడెక్కినా ఆయిల్ ఇంకా వేడెక్కదు, ఈలోపు ఇల్లు వచ్చేస్తుంది. ఆ బండి బతుకంతా అలాగే గడిచిందన్నమాట. అదే వయసులో హైవే మీద లక్షన్నర తిరిగిన డీజిల్ ఇంజిన్ దీనికంటే ఆరోగ్యంగా ఉంటుంది. మార్కెట్ మాత్రం రీడింగ్ చూసే ధర కడుతుంది. "లో డ్రివెన్" అన్న రెండు ముక్కలకే డబ్బు ఎక్కువ అడిగేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి అయితే కథ ఇంకా ముదురుతుంది. ఫిల్టర్లో మసి నిండగానే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) దాన్ని కాల్చడం మొదలుపెడుతుంది. మామూలు ఇంజెక్షన్ అయ్యాక మరికాస్త డీజిల్ కొట్టి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఇది పూర్తవ్వాలంటే బండి ఓ పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. ఓనరేమో ఆరో నిమిషంలో ఆఫీసు ముందు బండి ఆపేస్తాడు. సాయంత్రం మళ్లీ మొదలు, మళ్లీ మధ్యలో ఆపడం. అదనంగా కొట్టిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్లో కలుస్తుంది.

అందుకే ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీయండి. బండి చదునుగా ఉండాలి, ఇంజిన్ ఆపి పది నిమిషాలైనా అయి ఉండాలి. ఆయిల్ మాక్స్ గీత దాటి ఉందా? వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారిపోతోందా, డీజిల్ వాసన కొడుతోందా? అయితే అక్కడే దండం పెట్టి వచ్చేయండి. "మా బండి చుక్క ఆయిల్ తాగదు, పైగా పెరుగుతుంది" అని గొప్పగా చెప్పేవాళ్లు కూడా ఉంటారు! పలచబడ్డ ఆయిల్ మొదట తినేది టర్బో బేరింగ్‌ని, ఆ తర్వాత క్రాంక్ బేరింగ్‌లని. నల్లగా ఉంటే మాత్రం కంగారుపడకండి, డీజిల్లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నలుపెక్కుతుంది.

తర్వాత సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ సరిగ్గా పనిచేసే బండిలో వేలికి దుమ్ము తప్ప పెద్దగా ఏమీ అంటదు. కాటుకలా నల్లగా అంటిందంటే లోపలి ఫిల్టర్ పగిలింది, లేదా ఎవరో దాన్ని డొల్ల చేసి ఈసీయూలో సాఫ్ట్‌వేర్ మార్చేశారు. "పీకించేస్తే పీడా పోతుంది" అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అలా పీకించిన బండి చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. పొగ పరీక్షలో పట్టుబడితే మళ్లీ కొత్త ఫిల్టర్ వేయించాల్సింది మీరే, పీకినవాడు కాదు.

ఆ మోడల్‌ని చదవగలిగే స్కానర్ దొరికితే ఇంకా మంచిది. చివరి రీజెనరేషన్ (ఫిల్టర్లో మసి కాల్చడం) ఎప్పుడైంది, ఎన్ని కిలోమీటర్లకోసారి అవుతోంది, బూడిద ఎంత పేరుకుంది అన్నవి చూపిస్తుంది. మామూలుగా కొన్ని వందల కిలోమీటర్లకోసారి జరగాల్సింది వందలోపే మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఫిల్టర్ చివరి దశలో ఉన్నట్టే. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. అది ఎక్కువగా ఇంజిన్ ఆయిల్లోని రసాయనాల నుంచి వచ్చేది. కాబట్టి సర్వీస్ బిల్లుల్లో ఏ గ్రేడ్ ఆయిల్ పోశారో చూడండి. తక్కువ బూడిద మిగిల్చే రకం కాకుండా ఏదో ఒకటి పోస్తూ వచ్చి ఉంటే ఫిల్టర్ ఆయుష్షు తరిగిపోయినట్టే.

"డీజిల్ ఇంజిన్ అంటే మొండిది, లక్షలు తిరుగుతుంది" అన్న నమ్మకం పాత మెకానికల్ పంపుల కాలంది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి బాగా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందించే పద్ధతి) కార్లలోకి వచ్చాక లెక్క మారింది. ఇప్పుడు ఆ రైల్లో ప్రెషర్ 1600 నుంచి 2000 బార్, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ రంధ్రాలు మిల్లీమీటర్లో పదో వంతు మాత్రమే. ఎవరైనా ఒక్కసారి పొరపాటున పెట్రోల్ పోసి నడిపారా, పంపుకి డీజిల్ ఇచ్చే జిడ్డు ఉండదు, లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఆ రజను రైల్లోకి, నాలుగు ఇంజెక్టర్లలోకీ పోతుంది. పంపు ఒక్కటే మారిస్తే రజను లోపలే ఉండిపోతుంది. ఫ్యూయల్ ఫిల్టర్ విప్పించి, కింద పేరుకున్నదాన్ని తెల్ల గిన్నెలో పోయించండి. తళుకులు కనిపిస్తే ఆ బండి వద్దు.

ఇంజెక్టర్ల సంగతి తేల్చడానికి మెకానిక్‌లు చేసే తేలిక పరీక్ష ఒకటుంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో పెట్టి, ఇంజిన్‌ని కాసేపు ఐడిల్లో ఉంచుతారు. నాలుగూ దాదాపు సమానంగా నిండాలి. ఒక్క సీసా మిగతావాటికి రెండు మూడింతలు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. కొత్తది బిగించాక దాని మీది కోడ్‌ని ఈసీయూలో ఎక్కించాలి. చాలాచోట్ల ఆ పని ఎగ్గొడతారు, అప్పుడు కొత్త ఇంజెక్టర్‌తోనే టకటకమనే నాకింగ్, పొగ.

ఏ బండైనా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి. డీజిల్ అయితే గ్లో ప్లగ్ (స్టార్ట్‌కి ముందు సిలిండర్‌ని వేడెక్కించేది) లైటు ఆరాక స్టార్ట్ చేయాలి, ఒకటి రెండు సెకన్లలో అందుకోవాలి. కుంటుతూ, పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వదిలితే గ్లో ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో దెబ్బతింది. ఐడిల్లో ఆయిల్ మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టండి. సన్నగా వణికితే ఫర్వాలేదు. ఎగిరి పడుతూ కింద నుంచి పొగ కొడితే పిస్టన్ రింగులు పోయాయి. ఆపేటప్పుడు గేర్‌బాక్స్ వైపు నుంచి గడగడమని శబ్దం వస్తే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్‌కీ క్లచ్‌కీ మధ్య అదురు తగ్గించే బరువు చక్రం) వదులైంది, క్లచ్‌తో కలిపి మార్చాలి. చిన్న ఖర్చు కాదు.

పెట్రోల్ బండ్లు పుణ్యాత్ములేం కాదు. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వ్‌ల మీద కార్బన్ గట్టిపడుతుంది. చల్లటి స్టార్ట్‌లో టైమింగ్ చైన్ (వాల్వ్‌లని ఇంజిన్ తిరుగుడుతో కలిపి నడిపించేది) శబ్దం వినిపిస్తుందేమో వినండి. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచి తగ్గించి సర్దుతోందో చూపే అంకె) పది శాతం దాటి అటో ఇటో పోతే కారణం తేల్చుకోండి. రెడీనెస్ మానిటర్లు (ఈసీయూ తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తే బేరానికి ముందు ఇంజిన్ లైట్ చెరిపేశారేమోనని గట్టిగా నిలదీయండి.

ఇక ఆదా లెక్క. మీరు ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. పెట్రోల్ లీటరుకి 15 ఇస్తే 267 లీటర్లు, డీజిల్ 20 ఇస్తే 200. ఏడాదికి మిగిలేది 67 లీటర్లు, ఐదేళ్లకి 335. డీజిల్ బండికి ఎంత ఎక్కువ అడుగుతున్నారో దాన్ని ఇంధనం ధరతో భాగించి చూడండి, ఎన్ని లీటర్లవుతుందో. అది 335 దాటితే డీజిల్ ఆదా ఐదేళ్లలో రానట్టే. మీరు రోజూ హైవే మీద ఎనభై తిరిగేవాళ్లయితే నా జవాబు తిరగబడేది, అప్పుడు లక్షన్నర తిరిగిన డీజిల్ కూడా తీసుకోమనేవాడిని.

ఆ 80 వేల పెట్రోల్ బండికి చైన్ బదులు టైమింగ్ బెల్ట్ ఉందేమో కనుక్కోండి. ఉంటే మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.