నిద్రపోయే ముందు ఆ కాస్త సందు

తమ్ముడికి,

యూనిక్స్ సిగ్నల్స్ మీద నువ్వు రాసిన వ్యాసం బెంగళూరు మారతహళ్లి బస్సులో చదివాను. ముందు ఒక చిన్న గొడవ. సిగ్నల్‌ని సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ సిగ్నల్‌తో పోల్చావు, అది తీసెయ్. అక్కడ సిగ్నల్ మనల్ని ఆపుతుంది, యూనిక్స్‌లో సిగ్నల్ పడుకున్న ప్రోసెస్‌ని, అంటే నడుస్తున్న ప్రోగ్రాంని, తట్టి లేపుతుంది.

అసలు సంగతికొస్తా. "సెలెక్ట్ ఈఐఎన్‌టీఆర్ ఇచ్చి వెనక్కొస్తే ఫ్లాగ్ చూసి లూప్ ఆపేయాలి" అని రాసి చేతులు దులుపుకున్నావు. సెలెక్ట్ అంటే కనెక్షనో డేటానో వచ్చేదాకా ప్రోగ్రాంని నిద్రపుచ్చే కాల్, ఈఐఎన్‌టీఆర్ అంటే సిగ్నల్ మధ్యలో లేపిందని అది ఇచ్చే ఎర్రర్, ఫ్లాగ్ అంటే సిగ్నల్ వచ్చిందని గుర్తుంచుకునే వేరియబుల్ అని కూడా చెప్పలేదు. నేనూ అలాగే రాసి దెబ్బతిన్నాను. ఇక్కడే ఒక కంపెనీలో నా సర్వర్‌ని ఆపే స్క్రిప్ట్ ముందు కనెక్టై హలో చెప్పించుకుని, ఆ వెంటనే ఆగిపొమ్మనే సిగ్నల్, సిగ్‌టర్మ్, పంపేది. పగలు ఎప్పుడూ తేడా రాలేదు. ఒకరోజు రాత్రి రెండింటికి సర్వర్ ఎంతకీ ఆగదు. టెన్షన్‌లో టెల్‌నెట్ కొట్టాను. కనెక్షన్ కలిసిన మరుక్షణం బుద్ధిగా ఆగిపోయింది!

ఫ్లాగ్ చూడటం ఒక లైను, సెలెక్ట్‌లోకి వెళ్లడం తర్వాతి లైను. సిగ్నల్ సరిగ్గా ఆ రెంటి మధ్య పడింది. సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, ఫ్లాగ్ ఎత్తింది, కానీ చూడటం అప్పటికే అయిపోయింది. ఇక నిద్రే. పగలైతే ఎవరో ఒకరు కనెక్టై లేపేవాళ్లు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

నీ వ్యాసం ఈ సందు దగ్గర మొదలవ్వాలి. నిర్వచనాలు తర్వాత. సందు కనపడ్డాక మందు చెప్పు: సిగ్‌టర్మ్‌ని ముందే బ్లాక్ చేసి, అంటే వచ్చినా బయటే ఆగేలా, ఉంచితే, సెలెక్ట్ లాంటిదే అయిన పీసెలెక్ట్ అనే కాల్ మాస్క్ (బ్లాక్ చేసిన సిగ్నల్స్ జాబితా) మార్చి దాన్ని లోపలికి వదలడం, నిద్రపోవడం రెండూ కెర్నల్లో ఒకే పనిగా చేస్తుంది. లినక్స్‌లో అది నిజమైన సిస్టమ్ కాల్‌గా (కెర్నలే చేసిపెట్టే పనిగా) వచ్చింది 2006లో, 2.6.16 కెర్నల్‌తో. అంతకుముందు జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ మూడు కాల్స్ కలిపి ఆ పేరు పెట్టింది, సందు మాత్రం అలాగే ఉండేది.

డి. జె. బెర్న్‌స్టీన్ అనే ప్రోగ్రామర్ సెల్ఫ్ పైప్ కిటుకు కూడా చెప్పు. ప్రోగ్రాం ఒక చివర తనే రాసి, రెండో చివర తనే చదువుకునే పైపు అది. హ్యాండ్లర్ పైపులో ఒక బైటు వేస్తుంది, సెలెక్ట్ కనెక్షన్లు వచ్చే సాకెట్‌తో పాటు ఆ పైపునీ చూస్తుంది. నాకైతే ఇదే ఇష్టం, ఏ పోలికా లేకుండానే అర్థమవుతుంది. పైపు రెండు చివరలూ నాన్‌బ్లాకింగ్‌గా (ఆగి ఎదురుచూడకుండా) ఉండాలని రాయడం మర్చిపోకు. లేదంటే పైపు నిండిన రోజున హ్యాండ్లరే ఇరుక్కుంటుంది.

ఎస్ఏ రీస్టార్ట్ పెడితే చాలన్న వాక్యం కొట్టెయ్. సిగ్నల్ వల్ల మధ్యలో ఆగిన కాల్‌ని మళ్లీ మొదలుపెట్టించే సెట్టింగ్ అది. లినక్స్‌లో కొత్త కనెక్షన్‌ని అందుకునే యాక్సెప్ట్ కాల్ దానికి మామూలుగా లొంగుతుంది, సెలెక్ట్ లొంగదు.

ఆదివారం బీటీఎంలో మన ఆంధ్రా మెస్‌కి వస్తే ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఆ రెండు లైన్ల మధ్య ఐదు సెకన్ల స్లీప్ పెట్టి, కిల్ కమాండ్‌తో సిగ్‌టర్మ్ పంపి చూద్దాం.

మీ అన్నయ్య