గైడు ‘వదలను’ అంటే జే-1 బదిలీ ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా మీద రీసెర్చ్ స్కాలరు. వేరే యూనివర్సిటీ రమ్మంటోంది. ఇప్పటి ప్రొఫెసరేమో ‘వదలను’ అంటున్నాడట. కావలి వచ్చేసి, మళ్లీ కొత్తగా వీసా వేసుకొమ్మందామా?
– ఓ తండ్రి, కావలి

జవాబు: ఆ పని మాత్రం చేయించకండి. ప్రోగ్రాం ముగించుకుని వచ్చేస్తే రీసెర్చ్ స్కాలరుగా మళ్లీ వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. బదిలీ అయితే ఆ తంటా లేదు. 5 ఏళ్ల గరిష్ఠ గడువులో మిగిలింది వాడుకోవచ్చు.

స్పాన్సరు ప్రొఫెసరు కాదు, యూనివర్సిటీ. సెవిస్ (జే-1 వాళ్ల వివరాలుండే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ) రికార్డు వదలాల్సింది అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసులోని రెస్పాన్సిబుల్ ఆఫీసరు. కొన్నిచోట్ల డిపార్ట్‌మెంటు సంతకం కూడా అడుగుతారు. గైడు పెట్టనంటే డిపార్ట్‌మెంటు హెడ్‌ని అడగాలి. మీరు ఇక్కడి నుంచి మెయిళ్లు పెట్టి లాభం లేదు, అబ్బాయే కదలాలి.

అసలు దెబ్బతినేది వరసలో. ముందే రాజీనామా ఇచ్చేస్తే ప్రోగ్రాం అక్కడితో ముగించేస్తారు, ఇక బదిలీ చేయడానికి ఏమీ మిగలదు. ఆఫర్ లెటరు చేతికొచ్చాక రెండు ఆఫీసులూ మాట్లాడుకుని బదిలీ తేదీ ఖాయం చేయాలి. అది డీఎస్-2019 (స్పాన్సరు ఇచ్చే, ప్రోగ్రాం తేదీలుండే పత్రం)లోని ఆఖరి తేదీ దాటకూడదు. ఆ తర్వాతి 30 రోజులు పెట్టేబేడా సర్దుకోవడానికే. పరిశోధన అంశం పాతదానికి దగ్గరగానే ఉండాలి. బదిలీ తేదీకి ముందు కొత్తచోట ఒక్కరోజు కూడా పనిచేయకూడదు.

రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు (పైన చెప్పిన 24 నెలలది వేరు) అబ్బాయికి ఉంటే, దాని మాఫీకి ఇప్పుడే తొందరపడొద్దు. మాఫీకి సిఫార్సు వచ్చాక బదిలీ కుదరదు.