యుద్ధభూములు ఎక్కడికీ పోవు, మీ ఎఫ్‌డీ మాత్రం పోతుంది

ప్రశ్న: నా వయసు 38. ఇంట్లో భార్య, ఎనిమిదేళ్ల పాప, 69 ఏళ్ల నాన్నగారు ఉన్నారు. ఆయన సైన్యంలో చేసి రిటైరయ్యారు. ప్రపంచ యుద్ధాలు జరిగిన చోట్లు చూడాలని ఎప్పటినుంచో కోరిక. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సైన్యాలు ఫ్రాన్స్ తీరాన దిగిన రోజు, వచ్చే జూన్ 6కి, నార్మండీలో ఉండేలా, మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన ఈప్ర్ (బెల్జియం), సోమ్, వెర్డన్ (ఫ్రాన్స్) కూడా కలిపి 12 రోజుల ప్యాకేజీ చూశాను. నలుగురికి నా ఐదు నెలల జీతం అవుతుంది. జీతంలో 35 శాతం ఇంటి ఈఎంఐకి పోతుంది, అది కలిపి నెలకు 80 శాతం ఖర్చు. మూడు నెలల ఖర్చులకు ఎఫ్‌డీ ఉంది. హెల్త్ పాలసీ కంపెనీ ఇచ్చిందే. 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలా, లేక ఎఫ్‌డీ తీసేసి మిగతాది క్రెడిట్ కార్డు మీద పెట్టాలా?

జవాబు: రెండూ వద్దు. నాన్నగారి కోరిక తీర్చాలనుకోవడంలో తప్పేమీ లేదు, అందుకే ఈ ప్రశ్నకు వివరంగా రాస్తున్నాను. మంచి కారణం కనబడగానే అప్పు కూడా మంచిదే అనిపిస్తుంది. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే.

ముందు లెక్క చూడండి. ఐదు నెలల జీతాన్ని 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు జీతంలో 17 శాతం ఈఎంఐ. ఇంటి ఈఎంఐతో కలిపితే 52 శాతం. ఇప్పుడు మిగులుతున్న 20లో మూడే మిగులుతుంది. ఐదు నెలల జీతంతో అయ్యే యాత్రకు చివరికి ఆరు నెలల జీతం పైనే కడతారు. పాపకు 11 ఏళ్లు వచ్చేదాకా ఆ 12 రోజుల బాకీ తీరదు. కార్డు దారి ఇంకా దారుణం, దాని గురించి మళ్లీ అడగకండి.

అసలు నన్ను భయపెట్టింది ఆ ఎఫ్‌డీ. ఒక్కరి జీతం మీద నలుగురు బతికే ఇంటికి మూడు నెలల ఖర్చులు చాలవు, ఆరు నెలలకు ఉండాలి. పైగా మీ హెల్త్ పాలసీ కంపెనీది. ఉద్యోగం పోయిన రోజే జీతం, పాలసీ రెండూ పోతాయి. సరిగ్గా అప్పుడే నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే? అప్పటికి ఎఫ్‌డీని ప్యాకేజీకి కట్టేసి ఉంటే మీ చేతిలో మిగిలేది ఫొటోలు. ఎఫ్‌డీ ముట్టుకోకుండా లోన్ తీసుకున్నా, కొత్త ఈఎంఐతో నెల ఖర్చు పెరిగి, మూడు నెలలకు అనుకున్నది రెండున్నర నెలలకే అయిపోతుంది. ఎమర్జెన్సీ ఫండ్ అన్నది టూర్లకు వాడుకునే మిగులు డబ్బు కాదు. వంద మందికి చెప్పాను, మీకూ చెబుతున్నాను.

ఇప్పుడు యాత్ర సంగతి. మీరు చూడాలనుకున్న వాటిలో చాలా చోట్ల టికెట్టే లేదు. ఈప్ర్‌లో మెనిన్ గేట్ దగ్గర రాత్రి ఎనిమిదింటికి ట్రాఫిక్ ఆపేసి, స్థానిక అగ్నిమాపక దళం నుంచి వచ్చిన వాళ్లు చనిపోయిన సైనికులకు నివాళిగా బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే బాణీ వాయిస్తారు. 1928లో మొదలై, 1929 నుంచి రోజూ సాగుతున్న ఈ ఆచారం రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్నప్పుడు తప్ప ఆగలేదు. గోడల మీద సమాధి తెలియని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు. చూడటానికి పైసా కట్టక్కర్లేదు. సోమ్‌లో 72 వేలకు పైగా పేర్లున్న టియెప్వాల్ స్మారకం, కందకాలు అలాగే ఉంచిన బోమోన్ హామెల్, నార్మండీలో ఒమాహా బీచ్ పైనున్న అమెరికన్ శ్మశానం, అన్నీ ఉచితమే. మీ ప్యాకేజీలో లేదు గానీ, ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి, సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లున్న స్మారకం ఉంది. సైన్యంలో చేసిన మనిషిని అక్కడికి తీసుకెళ్లకుండా ఎలా వస్తారు?

మరి ఐదు నెలల జీతం దేనికి? విమానాలకు, హోటళ్లకు, ఊరి నుంచి ఊరికి తిప్పే బస్సుకు. జూన్ 6 చుట్టూ నార్మండీలో గదులకు గిరాకీ ఎక్కువ, ధరలూ అలాగే ఉంటాయి. తేదీ మీద పట్టు వదిలి సెప్టెంబర్‌కు మార్చుకోండి. వెర్డన్ తీసేయండి. డూవోమోన్ అస్థికా మందిరంలో లక్షా 30 వేల మంది గుర్తు తెలియని సైనికుల అవశేషాలున్నాయి, చూడాల్సిన చోటే, కాదనను. కానీ ప్యాకేజీ లేకుండా మీరే వెళ్తే, ఊరి నుంచి ఆ కొండ మీదికి సొంత వాహనం లేకుండా తిరగడం కష్టం. కారు అద్దెకు తీసుకుందామంటే కౌంటర్లో డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడిగి, డిపాజిట్‌గా పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారు. కార్డు లిమిట్ అంతా యాత్ర ఖర్చులకే వాడేసి ఉంటే తాళం ఇవ్వరు. ఈ విషయం చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ఈసారి మీరూ నాన్నగారూ ఇద్దరే ఏడు రోజులు వెళ్లండి. పాప కందకాలను గుర్తు పెట్టుకునే వయసుకు వచ్చాక ఇంకోసారి చూద్దాం. ఇద్దరికి, అదీ సీజన్ కాని రోజుల్లో, రెండు నెలల జీతం లోపే సర్దుకోవచ్చు.

మిగులుతున్న 20 శాతాన్ని మొదటి ఏడాది ఎమర్జెన్సీ ఫండ్‌కే వేస్తే మరో మూడు నెలల ఖర్చులు చేరి ఆరు పూర్తవుతాయి. ఆ తర్వాత తొమ్మిది, పది నెలలు యాత్రకు. నెలనెలా బ్యాంకులో కట్టే ఆర్‌డీయా, త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్ రకం లిక్విడ్ ఫండా అన్నది మీ ఇష్టం. బోనస్ వస్తే గడువు ఇంకా తగ్గుతుంది. అప్పటికి నాన్నకు 71 వస్తాయి కదా అంటారు. నిజమే, ఈ ప్లాన్‌లో నాకూ నచ్చనిది అదొక్కటే. అందుకే యాత్రను నలుగురి నుంచి ఇద్దరికి తగ్గించమన్నాను, ఐదారేళ్లు ఆగమనలేదు. తన నేల మీదున్న మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల సమాధులకు స్థలాలను ఫ్రాన్స్ 1915 చివర్లో చట్టం చేసి మరీ శాశ్వతంగా ఇచ్చింది. అవి రెండేళ్లు ఆగగలవు.

ఫ్రాన్స్, బెల్జియం రెండింటికీ పనికొచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది వీసా ఆఫీసు వాళ్ల కనీసం, 70 దాటిన మనిషికి అంతే తీసుకుని చేతులు దులుపుకోకండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, లేకపోతే అవసరానికి క్లెయిమ్ తిరస్కరిస్తారు. కందకాల దగ్గర నేల ఎగుడుదిగుడు, వాన పడితే జారుతుంది. ఆ వయసులో కాలు విరిగితే ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు, తిరుగు టికెట్లు మార్చుకునే ఖర్చు కూడా ఉంటుంది. అది కూడా పాలసీలో ఉందో లేదో చూసుకోండి. ఇంకొకటి, పొలాల గట్ల మీద తుప్పు పట్టిన తూటాలు, షెల్స్ (ఫిరంగి గుండ్లు) కనిపిస్తే గుర్తుగా తెచ్చుకుందామని చెయ్యి పెట్టకండి. అక్కడి రైతుల నాగళ్లకు అవి ఇప్పటికీ తగులుతూనే ఉన్నాయి, పేలేవి ఇంకా పేలుతాయి.

వీసా చేతికి రాకముందు రీఫండ్ లేని టికెట్ ఏదీ కొనకండి. ప్యాకేజీ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే రద్దు నిబంధనలు ఈ వారమే చదవండి. లోన్ అప్లికేషన్ పెట్టేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే వద్దని రాసి ఇవ్వండి.