ఎనిమిది గళ్లకూ మార్కులు వేశారు, నాన్నను ఏ గడిలో పెట్టారు?

ప్రశ్న: నా వయసు 50. విజయవాడలో ఓ ప్రైవేటు కంపెనీలో మేనేజర్‌ని. నా భార్య స్కూల్ టీచర్. బాబు ఇంజనీరింగ్, పాప ఇంటర్. ఈమధ్య మా ఆఫీసులో వెల్‌నెస్ మీద ట్రైనింగ్ పెట్టారు. శరీరం, మనసు, బుద్ధి, ఉద్యోగం, డబ్బు, స్నేహసంబంధాలు, ఆధ్యాత్మికం, పరిసరాలు అని ఎనిమిది గళ్ల చక్రం ఇచ్చి, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో మమ్మల్నే వేసుకోమన్నారు. డబ్బుకు 9, సంబంధాలకు 8 వేసుకున్నాను. ఏటా మాల వేస్తాను కాబట్టి ఆధ్యాత్మికానికీ 8. మనసు దగ్గరికి వచ్చేసరికి 4 దాటలేదు. రోజూ వాకింగ్ చేస్తాను, రాత్రిపూట జొన్నరొట్టె తింటాను. షుగర్ లేదు, బీపీ బోర్డర్‌లో ఉంది. అయినా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. చిన్న విషయానికే పిల్లల మీద అరుస్తున్నాను. సాయంత్రం ఏడింటికి యాప్ పెట్టుకుని ధ్యానానికి కూర్చుంటే, సరిగ్గా అదే టైముకి మా అమ్మ హాల్లోంచి నాన్నకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడుతుంది. నాన్నకు పక్షవాతం వచ్చాక మాట సరిగా రావడం లేదు. ఆయన తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంటారు. పంపకాల్లో ఇల్లు తమ్ముడికి రాసేశారు, అప్పటి నుంచి వాడికీ నాకూ మాటల్లేవు. చిన్నప్పుడు ఒకే సైకిల్ మీద స్కూలుకు వెళ్లినవాళ్లం. బాబాయి కూర్చోబెట్టి, అమ్మ నా దగ్గర, నాన్న వాడి దగ్గర అని తేల్చారు. నాన్న ఖర్చులకు నెలకు ఎనిమిది వేలు పంపిస్తున్నాను, ఆ లోటు లేదు. మనసు గడిలో మార్కులు పెరగాలంటే ముందు దేని మీద దృష్టి పెట్టాలి? ప్రకృతి చికిత్సాలయంలో పది రోజులు ఉండి రమ్మని ఫ్రెండ్స్ అంటున్నారు, వెళ్లమంటారా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: సెలవు దొరికితే వెళ్లిరండి. ఉప్పు తగ్గించి, ఫోన్ పక్కన పెట్టి, వేళకు పడుకుంటే ఒంటికి మంచిదే. మీ మూడింటి మెలకువకు మందు మాత్రం అక్కడ దొరుకుతుందని నేను అనుకోను.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ చక్రం గురించి, అలవాట్ల గురించి రాశారు. నాన్నగారి గురించి నాలుగు ముక్కలు రాశారు, అదీ ధ్యానానికి అడ్డొస్తున్న ఫోన్ సంగతి చెబుతూ. నేను ఆ నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోయాను.

ఒక్క సాయంత్రం ఆ యాప్ తెరవకుండా అమ్మ పక్కన కూర్చుని వినండి. అవతల ఆయనకు మాట రాదు. రెండు వైపుల మాటలూ ఈవిడే మాట్లాడుకోవాలి. మాత్ర వేసుకున్నారా, కూర ఏం చేసింది, కాలు కాస్త ఆడుతోందా, దుప్పటి కప్పుకున్నారా. ఆవిడ అడిగేవి ఇవే అయ్యుంటాయి. ఆయన ఊ అన్న తీరును బట్టి జవాబు పోల్చుకోవాలి. గట్టిగా మాట్లాడుతోందంటే, తన మాట ఆయనకు చేరుతోందో లేదో తెలియకే. రోజు మొత్తంలో ఆవిడకు భర్త దొరికేది ఆ కాసేపే. దాన్ని మీరు మీ ధ్యానానికి డిస్టర్బెన్స్ అని రాశారు.

తల్లినీ తండ్రినీ చెరో ఇంటికీ పంచుకోవడం మన కుటుంబాల్లో మామూలైపోయింది. పొలం గట్టు వేసుకున్నట్టు పెద్దమనుషులు కూర్చుని తేల్చేస్తారు, అందరూ భోజనాలు చేసి లేస్తారు. ఇక అందులో ఎవరికీ తప్పు కనబడదు. నాకు మాత్రం ఇది పెద్ద తప్పు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద బతికినవాళ్లను, ఒకరికి ఒకరి అవసరం అన్నిటికంటే ఎక్కువైన వయసులో విడదీశారు. బాబాయి తేల్చారు సరే, ఆ రోజు అమ్మను ఎవరైనా అడిగారా? నాన్నను అడిగారా? అడిగి ఉంటే మీరు రాసేవారే.

మీరు వేరే కోణంలో చూడని సంగతి ఇంకొకటి ఉంది. ఆ పంపకంలో మీ వాటాకు వచ్చింది తిరిగే ఓపిక ఉన్న అమ్మ. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్లాక ఇల్లు కనిపెట్టుకుని ఉండేది, పాప కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంత వేడన్నం పెట్టేది ఆవిడే అయ్యుంటుంది. తమ్ముడి వాటాకు వచ్చింది మంచం పట్టిన నాన్న. ఒళ్లు తుడవడం, పక్కగుడ్డలు మార్చడం, కూర్చోబెట్టి నెమ్మదిగా తినిపించడం, రాత్రిళ్లు లేవడం. ఇందులో ఎక్కువ పని ఎవరి మీద పడుతుందో మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మీ మరదలు ఆయన కడుపున పుట్టలేదు. ఆ అమ్మాయి గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. నెలకు ఎనిమిది వేలు పంపిస్తున్నాను, లోటు లేదు అన్నారు. అదే డబ్బుకు రాత్రీపగలూ ఉండే అటెండెంట్‌ను విజయవాడలో మాట్లాడి చూడండి.

ఇల్లు తమ్ముడికి రాసేశారన్న బాధ మీది. అది చిన్న బాధ అని నేను అనను. నాన్న తన చేత్తో సంతకం పెట్టి, ఇద్దరు కొడుకుల్లో ఒకరి వైపు మొగ్గాడంటే ఆ గాయం స్థలం ధరకు మించినదే. కానీ ఆ ఇల్లు ఆయన స్వార్జితమైతే ఎవరికి రాయాలన్నది ఆయన ఇష్టం. పిత్రార్జితమైతే మీ వాటా ఎంతో లాయర్‌ను అడగండి. హక్కు వదులుకోమని నేను చెప్పను. ఆ కాగితాల పని దాని దారిన జరగనివ్వండి. నాన్న మంచం దగ్గరికి వెళ్లడాన్ని దానితో ముడిపెట్టకండి. ఇప్పటిదాకా మీరు చేస్తున్నది అదే.

ఆ చక్రాన్ని నేను తీసిపారేయడం లేదు. అమెరికాలో బిల్ హెట్లర్ అనే వైద్యుడు 1976లో ఆరు కోణాలతో దాన్ని మొదలుపెట్టారు. తర్వాత పెగ్గీ స్వార్‌బ్రిక్ అనే ఆమె డబ్బు, పరిసరాలు కూడా చేర్చి ఎనిమిది చేశారు. ఆమె పనిచేసింది మానసిక జబ్బుల నుంచి కోలుకుంటున్నవాళ్ల మధ్య. ఒంట్లో ఏదో ఒక జబ్బు ఉన్నా మనిషి బతుకు బాగుండొచ్చు, ఒక కోణంలో బలం ఇంకో కోణాన్ని నిలబెడుతుంది అన్నది ఆ ఆలోచనకు ఆధారం. ఒకచోట తేడా వస్తే మిగతా అన్నిటికీ పాకుతుందన్నది కూడా అందులో భాగమే. మీరు మాత్రం ఒక్కో గడికి విడివిడిగా మార్కులు వేసి, తక్కువ వచ్చిన సబ్జెక్టుకు ట్యూషన్ పెట్టించాలని చూస్తున్నారు.

మీ మనసు గడిలో 4 పడటానికి కారణం సంబంధాల గడిలో ఉంది. అక్కడ 8 వేసుకున్నారు. వాకింగ్ మిత్రులను, ఆఫీసువాళ్లను, అపార్ట్‌మెంట్‌వాళ్లను లెక్కేసి ఉంటారు. తోడబుట్టినవాణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. ఆధ్యాత్మికానికి వేసుకున్న 8ని కూడా నేను ఒప్పుకోను. 41 రోజులు దీక్షలో ఉండి శబరిమల కొండ ఎక్కి వచ్చే మనిషికి, రైలెక్కితే గంటలో వచ్చే తెనాలి ఎందుకు దూరమైంది? మాలలో ఉన్నన్నాళ్లూ ఎదురొచ్చిన ప్రతి మనిషినీ స్వామీ అని పిలుస్తారు. ఆ పిలుపు తమ్ముడి గుమ్మం దాకా వెళ్లకపోతే దీక్ష ఎవరి కోసం? ఇది మిమ్మల్ని నొప్పిస్తుందని తెలిసే రాస్తున్నాను.

మన ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు ఆరోగ్యవంతుడెవరో చెప్పినప్పుడు వాత పిత్త కఫ దోషాలు, జఠరాగ్ని, ధాతువులు సమంగా ఉంటే చాలు అనలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలన్నాడు. జొన్నరొట్టెతో మొదటి భాగం కుదురుతుంది. రెండో భాగం కుదరదు.

మీ వయసుకు సరిగ్గా సరిపోయే విషయం ఒకటి చెబుతాను. హార్వర్డ్‌లో 1938లో మొదలుపెట్టి కొన్ని వందల మంది మగవాళ్లను జీవితాంతం గమనిస్తూ వచ్చారు. 80 ఏళ్లకు ఎవరు ఆరోగ్యంగా ఉంటారన్నది 50 ఏళ్లప్పటి కొలెస్ట్రాల్ కంటే, ఆ వయసులో తమవాళ్లతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదాన్ని బట్టే బాగా తెలిసిందని ఆ అధ్యయనాన్ని నడిపిన రాబర్ట్ వాల్డింగర్ చెప్పారు. ఆ మనుషుల వివరాలతోనే 2007లో వచ్చిన ఇంకో పరిశీలన ఉంది. ఇరవై ఏళ్ల లోపు తోబుట్టువులతో సఖ్యత లేనివాళ్లలో, 50 ఏళ్లు వచ్చేలోగా డిప్రెషన్ ఎక్కువగా కనిపించింది. మీరిద్దరూ ఒకే సైకిల్ మీద తిరిగినవాళ్లు. ఆ పునాది మీకుంది, చాలామందికి అది కూడా ఉండదు. మధ్యలో పడ్డ ఒక దస్తావేజు కోసం దాన్ని పోగొట్టుకుంటున్నారు.

ఇంకో పని చేయండి. అదే చక్రంలో మీ నాన్నగారికి మార్కులు వేసి చూడండి. శరీరం సగం పనిచేయడం లేదు. మాట లేదు. భార్య ఇంకో ఊళ్లో ఉంది. పెద్దకొడుకు గుమ్మం తొక్కడు. పక్షవాతం వచ్చినవాళ్లలో ఇంచుమించు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. మాట పోయినవాళ్లు దాన్ని నోటితో చెప్పుకోలేరు కూడా. తిండి తగ్గించడం, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం, వ్యాయామం చేయిస్తుంటే చెయ్యి విదిలించడం లాంటివి ఉంటే మొండితనం అనుకోకుండా డాక్టర్‌కు చూపించాలి. దానికి మందులున్నాయి.

మీ నిద్ర సంగతి కూడా గాలికి వదిలేయొద్దు. గురక పెడుతున్నారేమో మీ భార్యను అడగండి. గురకతో పాటు బీపీ పెరుగుతూ ఉంటే స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం ఉంటే సైకియాట్రిస్టును కలవండి. అంతదాకా ఎందుకు, ముందు ఎవరితోనైనా మాట్లాడితే చాలు అనిపిస్తే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఇక అసలు పని. ఈ ఆదివారం అమ్మను తీసుకుని తెనాలి వెళ్లండి. బాబాయిని మధ్యలో పెట్టొద్దు. తమ్ముడికి మీరే ఫోన్ చేయండి. "ఒరే, ఆదివారం అమ్మను తీసుకొస్తున్నాను, నాన్నను చూడాలి" అంటే చాలు. వాడు ముక్తసరిగా సరే అని పెట్టేసినా, అసలేమీ అనకపోయినా వెళ్లండి. ఇల్లు మాట ఎత్తకండి. వాడు ఎత్తితే "అది తర్వాత మాట్లాడుకుందాం" అని ఊరుకోండి. మీ భార్య కూడా వస్తే మరీ మంచిది. తోటికోడళ్లు వంటింట్లో నిలబడి నాలుగు మాటలు చెప్పుకుంటే మీరు హాల్లో పడే ఇబ్బందిలో సగం తగ్గుతుంది.

పళ్లు పట్టుకెళ్లి చుట్టంలా కుర్చీలో కూర్చుని రాకండి. నాన్నకు గడ్డం గీయండి. తలగడలు వెనక పెట్టి కూర్చోబెట్టి, ముఖానికి సబ్బు రాసి, జారిపోయిన వైపు చెంపను వేలితో కొంచెం లాగి పట్టుకుని నెమ్మదిగా గీయాలి. ఆ వైపు చర్మం బిగువు ఉండదు, తెగుతుంది. నోటి మూల నుంచి చొంగ కారుతూ ఉంటుంది, తుడుస్తూ ఉండాలి. ఆయన ఏదో చెప్పబోతారు, అర్థం కాదు. తొందరపెట్టకుండా ఆగాలి. ఆ ఇంట్లో రోజూ జరుగుతున్నది ఎలాంటి పనో ఆ పావుగంటలో మీకు తెలుస్తుంది. అది తెలిశాక మరదలితో ఏం మాట్లాడాలో నేను చెప్పక్కర్లేదు.

తమ్ముడు మొహం తిప్పుకోవచ్చు. ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అని నలుగురి ముందూ అనొచ్చు. పడండి. మీరు పెద్దవాళ్లు. తండ్రి మంచం పక్కన నిలబడి తమ్ముడి చేత మాట పడితే మీ గౌరవానికి ఏ లోటూ రాదు. ఒక్కసారికి వాడు కరగకపోతే మళ్లీ వెళ్లండి. వాడితో రాజీ కుదిరినా కుదరకపోయినా నాన్నకు మీరు కొడుకే. ఆ పని వాడి అనుమతి మీద ఆధారపడి లేదు.

రాకపోకలు మొదలయ్యాక అమ్మానాన్నలు ఒకచోట ఉండే ఏర్పాటు చేయండి. ఎక్కడ ఉంటారో ఇద్దరినీ విడివిడిగా అడగండి. మాట రాకపోయినా తల ఊపి చెప్పగలరు. తెనాలి అంటే అటెండెంట్ ఖర్చు పూర్తిగా మీరు పెట్టుకోండి. పండక్కో సెలవులకో మీరు వెళ్లి నాన్న దగ్గర పడుకుని, తమ్ముణ్ణీ మరదల్నీ వాళ్ల పుట్టింటికో ఇంకెక్కడికో వెళ్లిరానివ్వండి. విజయవాడ అంటే బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్డు వేయించి, ఫిజియోథెరపిస్టును ముందే మాట్లాడి, ఆ తర్వాత తీసుకురండి.

అమ్మ తెనాలిలోనే ఉండిపోతానంటే చిన్నబుచ్చుకోకండి. పాపకు సాయంత్రం అన్నం ఎవరు పెడతారు, ఇల్లు ఎవరు చూసుకుంటారు అన్నది మీరూ మీ భార్యా కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఆ లెక్క ఆవిడ ముందు పెట్టకండి.