విశాఖలో ఖర్చు లేకుండా మొక్కలు చూపించే చోటు

ముసలివాళ్లనీ, ఏడేళ్ల పిల్లాడినీ వెంటబెట్టుకుని వస్తున్నామని, బీచ్, కైలాసగిరి కాక ఖర్చు లేకుండా మొక్కలు చూపించే చోటు చెప్పమని అడిగారు. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న బయోడైవర్సిటీ పార్కుకి తీసుకెళ్లండి. 2002లో అప్పటి వుడా (విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ) ఏర్పాటు చేసింది. ఆసుపత్రి లోపల ఉండడం వల్ల ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు. ఆటోవాళ్లకి ఆర్‌సీడీ ఆసుపత్రి అని చెప్తే చాలు. మేం వెళ్లినప్పుడు రూపాయి కూడా ఖర్చు కాలేదు.

మా అత్తయ్య మొదట్లో రానంది. "మొక్కలు చూడ్డానికి అంత దూరమా" అని. ఒక్కో జన్మనక్షత్రానికి ఒక్కో చెట్టు చొప్పున పెంచిన నక్షత్రవనం దగ్గరకి వచ్చాక మాత్రం కదల్లేదు. ఆవిడది విశాఖ నక్షత్రం, దానికి చెట్టు వెలగ. ఏటా వినాయక చవితికి వెలక్కాయ కొంటాం కానీ, ఆ చెట్టుకి అంతంత ముళ్లుంటాయని నాకూ అప్పుడే తెలిసింది. తనవాళ్లందరి నక్షత్రాలూ వరసగా చెప్తూ చెట్లు వెతికింది. రోహిణికి నేరేడు, భరణికి ఉసిరి, పుష్యమికి రావి. మీ పెద్దవాళ్ల నక్షత్రాలు ముందే అడిగి రాసుకుని వెళ్లండి, వాళ్లకి ఎంత సంతోషమో చూస్తారు.

పిల్లాడికైతే గొంగళిపురుగులు చూపించండి. వెలగ, మారేడు, నిమ్మ, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. నిమ్మ సీతాకోకచిలుక వీటి ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. ఆకు వెనక్కి తిప్పి ఓపిగ్గా చూడాలి. హడావిడిగా తిరిగితే ఏమీ కనపడదు, కనీసం రెండు గంటలు పెట్టుకోండి. నా మాట వింటే ఆ రోజు ఇంకో చోటు పెట్టుకోవద్దు.

మరీ తెల్లారగట్ల వద్దు. కాస్త ఎండ తగిలితేనే సీతాకోకలు ఎగురుతాయి. వేసవిలో మన ఉక్కపోత తెలిసిందే, నవంబరు నుంచి జనవరి వరకు హాయిగా ఉంటుంది. నీటిమొక్కల దగ్గర దోమలుంటాయి, పిల్లాడికి పొడుగు చేతుల చొక్కా వేయండి. పక్కనే రోగులుంటారు కాబట్టి అరుపులు లేకుండా చూసుకోండి. ఆకులు, పువ్వులు మాత్రం తెంపనివ్వకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి చెట్లని ఎలా కూల్చేసిందో కళ్లారా చూశాను, ఇక్కడ నిలబడ్డ ప్రతి మొక్కా నాకు అపురూపమే.

ఇంటికొచ్చాక మా పాప బాల్కనీలో కరివేపాకు కుండీ వెతికింది. మూడు పురుగులు దొరికాయి. అప్పటిదాకా వాటిని దులిపి పారేసేదాన్ని. ఇప్పుడు ఓ కొమ్మ వాటికే వదిలేశాం.